ఒకే ఆటపెట్టె – అనేక రూపాలు

పాత కుట్టుమిషను కొనదలచినవారు ముందుగా దాని మెరుపు చూడరు. చక్రం తిప్పి చూస్తారు. సూది సరిగా దిగుతోందో లేదో గమనిస్తారు. బాబిను, బెల్టు బజారులో దొరుకుతాయా అని విచారిస్తారు. తాము కుట్టబోయేది పలుచని పరికిణీలా, మందమైన సంచులా అని కూడా ఆలోచిస్తారు. ఇవన్నీ అయిన తరువాతే ధర మాట్లాడతారు. పాత సైకిలు కొనేవారి పద్ధతీ ఇదే. వాడిన వస్తువును ఎన్నుకోవడం ఒక విద్య. ఆ విద్య తెలియనివారు పైమెరుగులు చూసి మోసపోతారు. తెలిసినవారు తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం పనికివచ్చే వస్తువును ఇంటికి తెచ్చుకొంటారు.

ఈ విద్య పాత వీడియో గేము యంత్రాలకు కూడా వర్తిస్తుంది. టి.వి.కి తగిలించి ఇంట్లో ఆడుకొనే యంత్రాలలో మిక్కిలి పేరుపొందినది అటారీ 2600. అది 1977లో అమెరికాలో వెలువడింది. 1992 వరకు తయారైంది. సుమారు 3 కోట్ల యంత్రాలు అమ్ముడుపోయాయి. ఇంత కాలంలో దాని రూపం పలుమార్లు మారింది. నేడు ఆ యంత్రాన్ని కొని ఆడుకోదలచినవారికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇన్ని రూపాలలో ఏది మేలు?

పుట్టుక

నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు 1972లో కాలిఫోర్నియా రాష్ట్రంలో అటారీ సంస్థను స్థాపించారు. అదే ఏడాది వారి సంస్థ ‘పాంగ్’ అనే ఆటను తయారుచేసింది. అది టేబుల్ టెన్నిస్ వంటి ఆట. 1975లో ఇంట్లో ఆడుకొనే పాంగ్ యంత్రం కూడా వచ్చింది. కాని దానిలో ఒక లోపం ఉండేది. యంత్రంలో అమర్చిన ఆట తప్ప మరో ఆట ఆడటానికి వీలులేదు. ఆ ఆట మీద మొహం మొత్తితే యంత్రాన్ని అటక ఎక్కించవలసిందే.

ఈ లోపాన్ని పోగొట్టే మార్గం ఆటను యంత్రం నుండి వేరు చేయడం. ఆటకు సంబంధించిన ఆదేశాలన్నింటినీ ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెలోని చిప్పులో నింపి, ఆ పెట్టెను యంత్రంలోని గాడిలో దూర్చాలి. ఆ చిన్న పెట్టెనే కాట్రిడ్జి అంటారు. టేప్ రికార్డరు ఒకటే అయినా క్యాసెట్టు మార్చినప్పుడల్లా కొత్త పాట వినిపించినట్లు, యంత్రం ఒకటే అయినా కాట్రిడ్జి మార్చినప్పుడల్లా కొత్త ఆట వస్తుంది. ఇలాంటి యంత్రాన్ని మొదట 1976లో ఫెయిర్‌చైల్డ్ సంస్థ తెచ్చింది; ‘చానల్ ఎఫ్’ అనే పేరు దానికి తరువాత వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అటారీ తన యంత్రాన్ని విడుదల చేసింది. దాని తొలి పేరు ‘వీడియో కంప్యూటర్ సిస్టమ్’. 2600 అనే పేరు తరువాత వచ్చింది. తొలినాటి ధర దాదాపు 200 డాలర్లు. యంత్రంతోపాటు రెండు జాయ్‌స్టిక్కులు, ‘కాంబాట్’ అనే ఆట కాట్రిడ్జి ఇచ్చేవారు.

రూపాలు

తొలి యంత్రాలు కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణంలో తయారయ్యాయి. నల్లని పెట్టె, ముందువైపు చెక్కను పోలిన పట్టీ, దానిపైన వరుసగా ఆరు మీటలు ఉండేవి. పెట్టె అడుగుభాగం మందంగా, అంచులు గుండ్రంగా ఉండేవి. చేతిలోకి తీసుకొంటే బాగా బరువు అనిపించేది. అందుకే సేకరణకర్తలు దీనిని ‘హెవీ సిక్సర్’ అంటారు. క్రికెట్టులో బ్యాటుతో కొట్టే సిక్సరుకూ దీనికీ సంబంధం లేదు. ఆరు మీటలు కలది కాబట్టి సిక్సరు, బరువైనది కాబట్టి హెవీ.

ఆ బరువు ఎక్కడిది? నిజానికి పెట్టెలో చాలాభాగం ఖాళీయే. కొనేవారికి గట్టి వస్తువు కొన్నామన్న తృప్తి కలగాలని తయారీదారులు మందమైన ప్లాస్టిక్ వాడారు. లోపలి లోహపు కవచం కూడా దళసరిగా ఉండేది. “పైన పటారం, లోన లొటారం” అని మనవాళ్లు అనే మాట ఈ పెట్టె విషయంలో కొంతవరకు నిజమే.

1978లో తయారీ ఆసియా దేశాలకు మారింది. ప్లాస్టిక్, లోహపు కవచం రెండూ పలుచబడ్డాయి. బరువు తగ్గింది. మీటలు మాత్రం ఆరూ ముందువైపే ఉన్నాయి. ఇది ‘లైట్ సిక్సర్’.

1980లో మరో మార్పు జరిగింది. ఆటగాళ్లిద్దరి కష్టస్థాయిని నిర్ణయించే రెండు మీటలను పెట్టె వెనుకకు మార్చారు. ముందువైపు నాలుగే మిగిలాయి. చెక్క పట్టీ అలాగే ఉంది. అదే ఏడాది ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆట కాట్రిడ్జిగా రావడంతో యంత్రం అమ్మకాలు ఒక్కసారిగా పెరిగాయి. అందువల్ల ఈ నాలుగు మీటల యంత్రాలు ఎక్కువ సంఖ్యలో ఇళ్లకు చేరాయి.

1982లో చెక్క పట్టీని తీసివేసి పెట్టె మొత్తాన్ని నల్లగా చేశారు. ‘అటారీ 2600’ అనే పేరు పెట్టెపైకి వచ్చింది అప్పుడే. ‘స్టార్ వార్స్’ చలనచిత్రంలో నల్లని కవచం ధరించే డార్త్ వేడర్ అనే పాత్రను తలపిస్తుంది కనుక దీనికి ‘వేడర్’ అనే ముద్దుపేరు వచ్చింది. రంగు తప్ప ఇది 1980 నాటి యంత్రమే.

1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం ఆటలు ఎక్కువై కొనేవారు తగ్గిపోయారు. అమ్ముడుపోని కాట్రిడ్జీలను అటారీ సంస్థ న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆలమొగోర్డో పట్టణం వద్ద చెత్తదిబ్బలో పాతిపెట్టింది. 2014లో ఆ చోటును తవ్వి వాటిలో కొన్నింటిని బయటికి తీశారు. 1984లో అటారీ గృహయంత్రాల విభాగం చేతులు మారింది. కొత్త యాజమాన్యం 1986లో ఇదే యంత్రాన్ని చిన్న పెట్టెలో అమర్చి, ముందువైపు వెండిరంగు పట్టీమీద ఇంద్రధనుస్సు గీతలు వేసి, 50 డాలర్ల లోపు ధరకు అమ్మింది. వాడుకలో దీనిపేరు ‘2600 జూనియర్’.

ఇవి ముఖ్యమైన రూపాలు. వీటికి తోడు 1986లో అమెరికా అంతటా వచ్చిన అటారీ 7800 అనే వేరే యంత్రంలో కూడా 2600 కాట్రిడ్జీలలో అధికభాగం ఆడుతాయి.

లోపల ఏముంది?

పెట్టె ఏ రూపంలో ఉన్నా లోపల పనిచేసే అవయవాలు మూడు. మొదటిది 6507 అనే ప్రాసెసరు. లెక్కలు చేసేది, ఆదేశాలు పాటించేది ఇదే. సెకనుకు దాదాపు 12 లక్షల స్పందనల వేగంతో పనిచేస్తుంది. రెండవది జ్ఞాపకాన్ని, మీటలనూ జాయ్‌స్టిక్కులనూ చూసుకొనే చిప్పు. మూడవది బొమ్మనూ శబ్దాన్నీ పుట్టించే చిప్పు. దీని పేరు టియా. జే మైనర్, జో డెకూర్ మొదలైన ఇంజనీర్లు దీనిని రూపొందించారు.

ఈ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. ఇది ఎంత తక్కువో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. నేటి కంప్యూటర్లు తెలుగు రాతను దాచుకొనేటప్పుడు ఒక్కొక్క అక్షరానికి, ఒక్కొక్క గుణింతపు గుర్తుకు సాధారణంగా 3 బైట్ల చోటు తీసుకొంటాయి. ఆ లెక్కన 128 బైట్లలో పట్టేవి 42 గుర్తులే. ఒక చిన్న వాక్యం రాసేసరికి చోటు అయిపోతుంది.

ఇంత తక్కువ చోటులో టి.వి. తెర మీది బొమ్మ మొత్తాన్ని దాచుకోవడం అసాధ్యం. మరి బొమ్మ ఎలా వస్తుంది? పాతకాలపు గాజుతెర టి.వి.లో ఎలక్ట్రాన్ల పుంజం తెరమీద ఎడమ నుండి కుడికి, పై నుండి కిందికి గీత తరువాత గీత గీస్తూ పోతుంది. అటారీ యంత్రం ఆ పుంజంతో పోటీపడుతుంది. ఒక గీత గీయడానికి పట్టే కాలంలో ప్రాసెసరుకు దొరికేది 76 స్పందనలే. ఆ రెప్పపాటులో ఆ గీతకు కావలసిన రంగులు, ఆకారాలు చెప్పి తీరాలి. ఆలస్యమైతే బొమ్మ చెదిరిపోతుంది. ముగ్గు పెట్టేవారి చేయి ముందుకు సాగుతూ ఉండగానే తరువాతి చుక్క ఎక్కడో చెప్పవలసి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంతటి ఇరుకులో పనిచేసి కూడా ఆటల రచయితలు అద్భుతాలు చేశారు. డేవిడ్ క్రేన్ రచించిన ‘పిట్‌ఫాల్’ ఆట 1982లో వచ్చింది. 4 కిలోబైట్ల కాట్రిడ్జిలో 255 దృశ్యాలున్న అడవిని ఆయన ఇమిడ్చాడు. వారెన్ రాబినెట్ ‘అడ్వెంచర్’ అనే ఆటను రాశాడు. ఆ రోజుల్లో రచయితల పేర్లను సంస్థ ప్రకటించేది కాదు. అందువల్ల ఆయన తన పేరును ఆటలోనే ఒక రహస్యపు గదిలో దాచిపెట్టాడు. ఆ గదిని కనుగొన్న ఆటగాడికి రచయిత పేరు కనిపిస్తుంది. తమ పేర్లు బయటికి రావాలని, తగిన ప్రతిఫలం దక్కాలని కోరిన నలుగురు రచయితలు అటారీని వదిలివచ్చి, 1979లో యాక్టివిజన్ అనే సంస్థ స్థాపనలో పాలుపంచుకొన్నారు. డేవిడ్ క్రేన్ వారిలో ఒకడు.

దీనివల్ల ఒక విషయం స్పష్టమవుతోంది. బరువైన పెట్టెలోనూ చిన్న పెట్టెలోనూ ఉన్నది ఒకే మెదడు. కాబట్టి బరువైన దానిలో ఆట బాగుంటుందనీ, చవకైన దానిలో బాగుండదనీ అనుకోవడం పొరపాటు. ఎన్నుకొనేవారు పెట్టె వయస్సును కాక మరికొన్ని అంశాలను పరిశీలించాలి.

మీటల మాట

మొదటి అంశం మీటలు. ఈ యంత్రంలో మీటలు కేవలం ఆన్, ఆఫ్ చేయడానికే కాదు. కొన్ని ఆటలలో అవి ఆటలో భాగం. ‘అడ్వెంచర్’లో కుడివైపు కష్టస్థాయి మీటను ‘ఎ’ స్థానంలో ఉంచితే, ఆటగాడి చేతిలో కత్తి చూసి డ్రాగన్లు పారిపోతాయి. ఈ మీటను ఆటకు ముందు ఒకసారి సరిచేస్తే చాలు. కాని అన్ని ఆటలూ అలాంటివి కావు. యాక్టివిజన్ సంస్థ 1983లో తెచ్చిన ‘స్పేస్ షటిల్’ ఆటలో యంత్రం మీది మీటలే వ్యోమనౌక మీటలవుతాయి. ఆట నడుస్తుండగానే వాటిని వేయాలి, తీయాలి. ‘స్టార్‌మాస్టర్’ అనే ఆటలో నక్షత్రాల పటం చూడాలంటే రంగుల టి.వి.కీ నలుపు తెలుపు టి.వి.కీ మధ్య మార్చే మీటను కదపాలి.

ఇలాంటి ఆటలు ఇష్టపడేవారికి ఆరు మీటలూ ముందువైపు ఉన్న యంత్రం అనుకూలం. కష్టస్థాయి మీటలు వెనుక ఉన్న యంత్రంలో ‘స్పేస్ షటిల్’ ఆడాలంటే మాటిమాటికీ పెట్టె వెనుకకు చేయి పోనివ్వాలి. 7800 యంత్రంలో రంగుల మీటే లేదు. ఆటను కాసేపు ఆపే బొత్తాము ఆ పని చేస్తుంది. ఏ ఆటలు ఆడదలచారో ముందు నిశ్చయించుకొంటే ఏ రూపం కావాలో సగం తేలిపోతుంది.

టి.వి.తో పొత్తు

రెండవ అంశం అన్నింటికంటె ముఖ్యమైనది. చాలామంది మరచిపోయేదీ ఇదే. యంత్రం ఏ దేశపు టి.వి. కోసం తయారైంది?

అమెరికాలో అనలాగ్ టి.వి. పద్ధతి పేరు ఎన్.టి.ఎస్.సి. దానిలో సెకనుకు 60 సార్లు తెర నిండుతుంది. ఐరోపాలోని అనేక దేశాలు, భారతదేశం అనుసరించిన పద్ధతి పాల్. దానిలో సెకనుకు 50 సార్లు తెర నిండుతుంది. భారతదేశంలో 1982లో దూరదర్శన్ రంగుల ప్రసారాలను ఈ పద్ధతిలోనే ప్రారంభించింది. ఫ్రాన్సు దేశపు పద్ధతి సెకామ్. అటారీ సంస్థ ఈ మూడు పద్ధతులకూ వేరువేరు యంత్రాలు తయారుచేసింది. అమెరికా యంత్రం 128 రంగులు చూపగలదు. పాల్ యంత్రం 104 రంగులు చూపుతుంది. సెకామ్ యంత్రం చూపేవి 8 రంగులే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రంగులను నిర్ణయించేది యంత్రం లోపలి చిప్పు. తెరకు ఎన్ని గీతలు పంపాలో నిర్ణయించేది కాట్రిడ్జిలోని ఆట. అమెరికా ఆట సాధారణంగా తెరకు 262 గీతలు పంపుతుంది. పాల్ ఆట 312 గీతలు పంపుతుంది. అందుచేత పాల్ కాట్రిడ్జిని అమెరికా యంత్రంలో పెడితే ఆట నడుస్తుంది గాని, రంగులు తారుమారవుతాయి. ఆకుపచ్చగా ఉండవలసిన అడవి మరేదో రంగులో కనిపించవచ్చు. కొన్ని టి.వి.లలో బొమ్మ నిలువుగా దొర్లుతూ ఉంటుంది. వేగం సంగతి కూడా గమనించాలి. సెకనుకు 60 తెరల లెక్కతో రాసిన ఆటను మార్పులేవీ చేయకుండా 50 తెరల లెక్కతో నడిపిస్తే, 60 సెకన్లలో ముగియవలసిన పని 72 సెకన్లు తీసుకొంటుంది.

పైగా ఈ యంత్రాలన్నీ టి.వి.కి ఏంటెన్నా తగిలించే చోటునుండే బొమ్మను పంపుతాయి. అమెరికా పద్ధతిలో శబ్దం బొమ్మకు 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది. భారతదేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఆ దూరం 5.5 మెగాహెర్ట్జ్. కనుక అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చియిచ్చిన యంత్రాన్ని ఇక్కడి పాత టి.వి.కి తగిలిస్తే బొమ్మ రంగులేకుండా కనిపించవచ్చు, శబ్దం రాకపోవచ్చు. యంత్రం చెడిపోయిందని అనుకోవడం సహజం. కాని చెడిపోయినది ఏదీ లేదు. రెండు వేరువేరు భాషలు మాట్లాడేవారిని ఎదురెదురుగా కూర్చోబెట్టినట్లయింది, అంతే. అనేక పద్ధతులను గుర్తించగల టి.వి. ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

నేటి పలుచని టి.వి.లలో కొన్ని ఈ పాత బొమ్మను అసలు స్వీకరించవు. అలాంటి ఇళ్లలో పాత యంత్రాన్ని నేరుగా తగిలించి ఆడటం కష్టం. కొందరు నిపుణులు యంత్రం లోపల చిన్న బోర్డును సోల్డరింగ్ చేసి, వేరే తీగద్వారా బొమ్మను బయటికి రప్పిస్తారు. దీనివల్ల బొమ్మ తేటగా వస్తుంది. కాని యంత్రం తన అసలు స్థితిని కోల్పోతుంది. అటారీ పేరుతో 2023లో వెలువడిన ‘2600 ప్లస్’ అనే కొత్త యంత్రం ఇంకో దారి చూపింది. అది పాత కాట్రిడ్జీలను చదివి, కొత్త టి.వి.కి తగిన రీతిలో బొమ్మను పంపుతుంది. అయితే దాని లోపల ఉన్నది పాత చిప్పులు కావు. పాత యంత్రాన్ని అనుకరించే కంప్యూటరు ప్రోగ్రాము.

కరెంటు మాట

మూడవ అంశం విద్యుత్తు. అమెరికా ఇళ్లలో వచ్చే విద్యుత్తు 120 వోల్టులు. భారతదేశంలో 230 వోల్టులు. అమెరికా అడాప్టరును ఇక్కడి గోడ ప్లగ్గులో నేరుగా పెడితే అది వేడెక్కి కాలిపోతుంది. యంత్రానికి కావలసినది 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తు. అడాప్టరు కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలగాలి. దాని చివర ఉండే 3.5 మిల్లీమీటర్ల పిన్ను మొన ధనధ్రువం కావాలి. పిన్ను సరిపోయిందని ఏ అడాప్టరునైనా తగిలించకూడదు. వోల్టులూ ధ్రువమూ చూడకుండా తగిలిస్తే, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. నలభై ఏళ్లు చెడకుండా నిలిచిన యంత్రం ఒక్క క్షణంలో పాడవుతుంది. 7800 యంత్రం పిన్ను వేరే ఆకారంలో ఉంటుంది కాబట్టి దానికి దాని అడాప్టరే కావాలి.

మరమ్మతు విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆరు మీటల యంత్రాలలో మీటల బోర్డు, అసలు బోర్డు వేరువేరుగా ఉండి పట్టీతీగతో కలిసి ఉంటాయి. 1980 తరువాతి నాలుగు మీటల యంత్రాలలో రెండూ కలిసి ఒకే బోర్డు అయ్యాయి. విప్పడం, శుభ్రం చేయడం కొంత సులువు. జూనియర్ యంత్రాలలో చివరికాలపువి కొన్నింటిలో మూడు చిప్పులనూ కలిపి ఒకే చిప్పుగా చేశారు. అలాంటి యంత్రంలో ఆ చిప్పు చెడితే బాగుచేయడం కష్టం. జాయ్‌స్టిక్కుల విషయంలో మాత్రం చింత లేదు. అన్ని రూపాలకూ తొమ్మిది పిన్నుల ప్లగ్గే కాబట్టి ఒకదాని జాయ్‌స్టిక్కు మరొకదానికి పనికివస్తుంది.

ఎవరికి ఏది?

పై విషయాలన్నీ గమనిస్తే అందరికీ మేలైన రూపం ఒకటి అంటూ లేదని తెలుస్తుంది.

చరిత్రను భద్రపరచదలచినవారికి సన్నీవేల్‌లో తయారైన హెవీ సిక్సర్ విలువైనది. అది తక్కువ కాలమే తయారైంది కనుక ధర ఎక్కువ. కొనేముందు పెట్టె అడుగున ఉన్న చీటీనీ, ప్లాస్టిక్ మందాన్నీ పరిశీలించాలి. లైట్ సిక్సరునే హెవీ అని అమ్మజూపేవారు ఉండవచ్చు.

మీటలతో నడిచే ఆటలను ఇష్టపడేవారికి లైట్ సిక్సర్ చాలు. ఆటలో దానికీ హెవీ సిక్సరుకూ భేదం లేదు.

రోజూ ఆడుకొనేవారికి నాలుగు మీటల యంత్రం తగినది. చెక్క పట్టీ ఉన్నదైనా నల్లనిదైనా పనితీరు ఒకటే. ఎక్కువ సంఖ్యలో తయారైనందువల్ల దొరకడమూ సులువే.

ఇల్లు ఇరుకైనవారికి, తక్కువ ఖర్చుతో ముగించదలచినవారికి జూనియర్ చాలు. రెండు తరాల ఆటలను ఒకే యంత్రంతో ఆడదలచినవారు 7800ను ఎన్నుకోవచ్చు. అయితే కొన్ని 2600 కాట్రిడ్జీలు కొన్ని 7800 యంత్రాలలో పనిచేయవన్న సంగతి గుర్తుంచుకోవాలి. కొత్త టి.వి. మాత్రమే ఉండి, పాత కాట్రిడ్జీలు ఉన్నవారికి 2600 ప్లస్ ఉపయోగపడుతుంది.

ఏ రూపమైనా కొనేముందు కళ్లెదుట నడిపించి చూడటం ఉత్తమం. ప్రతి మీటనూ కదిపి చూడాలి. రెండు జాయ్‌స్టిక్ గాడులనూ పరీక్షించాలి. కాట్రిడ్జి పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కరెంటు ఆపివేయాలి. కాట్రిడ్జి అంచున ఉండే లోహపు గీతలకు మురికి పడితే ఆట కనిపించదు. అంతమాత్రాన యంత్రాన్ని నిందించకూడదు. మెత్తని గుడ్డతో, తగిన స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరిన తరువాత మళ్లీ పెట్టి చూడాలి.

ఇంత జాగ్రత్త ఒక ఆటబొమ్మకు అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. తాళపత్రం మీద రాసిన కావ్యాన్ని చదవడానికి కళ్లు ఉంటే చాలు. కాట్రిడ్జిలో రాసిన ఆటను చదవడానికి కళ్లు చాలవు, దానిని నడిపించే యంత్రం కావాలి. 76 స్పందనల ఇరుకులో ఒక్కొక్క గీతను తీర్చిదిద్దిన రచయితల నేర్పు, రహస్యపు గదిలో తన పేరు దాచుకొన్న మనిషి ఆవేదన ఆ చిన్న పెట్టెలలో ఉన్నాయి. నేడు కంప్యూటర్లు ఆ యంత్రాన్ని అనుకరించగలుగుతున్నాయి. ఆ అనుకరణ సరిగా ఉందో లేదో పోల్చి చూడటానికి కూడా నడిచే అసలు యంత్రం ఒకటి ఉండాలి. ఆ యంత్రాల తయారీ 1992లో ఆగిపోయింది. అజాగ్రత్తవల్ల పాడైన ప్రతి యంత్రంతో ఆ లెక్క ఒకటి తగ్గుతుంది, మళ్లీ పెరగదు.

కుట్టుమిషను కొనేవారు చక్రం తిప్పి చూసినట్లే, ఆటపెట్టె కొనేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ ఆటలు ఆడాలి? ఇంట్లో ఏ టి.వి. ఉంది? తగిన కరెంటు అందుతుందా? ఈ మూడింటికీ సమాధానం దొరికితే ఏ రూపం కావాలో తనంతట తానే తెలుస్తుంది. అప్పుడు పెట్టె బరువైనదా, తేలికైనదా, చెక్కరంగుదా, నల్లనిదా అన్నది ఎవరి ముచ్చట వారిది.

అభ్యాసం

1. పాంగ్ యంత్రానికీ అటారీ 2600కూ ముఖ్యమైన భేదం ఏమిటి?
2. హెవీ సిక్సర్ బరువుగా ఉండటానికి కారణాలు తెలపండి.
3. వారెన్ రాబినెట్ తన పేరును ఆటలో ఎందుకు దాచిపెట్టాడు?
4. అమెరికా యంత్రాన్ని ఇక్కడి పాత టి.వి.కి తగిలిస్తే ఎదురయ్యే చిక్కులను వివరించండి.
5. సెకనుకు 60 తెరల లెక్కతో రాసిన ఆట 5 నిమిషాలు నడుస్తుంది. దానినే సెకనుకు 50 తెరల లెక్కతో నడిపితే ఎంత సేపు పడుతుంది?
6. “పైన పటారం, లోన లొటారం”, “కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది” – ఈ సామెతలను పాఠంలో ఏ సందర్భాలలో వాడారు? వీటిని ఉపయోగించి సొంత వాక్యాలు రాయండి.
7. మీ ఇంట్లో వాడుతున్న ఒక పాత వస్తువును ఎంచుకొని, అలాంటిది కొనేవారు ఏమేమి పరిశీలించాలో పెద్దలను అడిగి పది వాక్యాలలో రాయండి.